పరీక్ష హాలులో మూడు గంటలు

 



వేసవి వచ్చిందంటే జుమా నమాజు తర్వాత మా దగ్గరకు వచ్చేవారిలో సగం మంది పిల్లల పరీక్షల కోసం దుఆ అడగడానికే వస్తారు. హాల్ టికెట్టు తెచ్చి, దాని మీద ఏదైనా చదివి ఊదమనేవారు కూడా ఉన్నారు. దుఆ చేస్తాం. కాగితం మీద ఊదడం మాత్రం చేయం. రాయవలసింది కాగితం కాదు, పిల్లవాడు కదా!

ఒకసారి ఒక తండ్రి పరీక్షకు ముందు కాకుండా, పరీక్ష అయిపోయిన తర్వాత వచ్చాడు. స్కూటర్లు బాగుచేసే పని ఆయనది. ఇంటర్ పూర్తిచేసిన కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. "నసీబులో రాసి లేదు హజ్రత్. మూడు సంవత్సరాలుగా వీడి చదువు కోసమే బ్రతుకుతున్నాం. ఫీజు కోసం వీళ్ళ అమ్మీ గాజులు కూడా తీసింది. అల్లాహ్ మర్జీ" అన్నాడు. అబ్బాయి తల ఎత్తలేదు. తండ్రిని కొంచెంసేపు బయట కూర్చోమని చెప్పి పిల్లవాడిని మెల్లగా అడిగాము. వాడు చెప్పింది ఇది. లెక్కల్లో వాడు గట్టివాడు. ఎంసెట్‌లో, అంటే ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న పరీక్షలో, లెక్కలతోనే మొదలుపెట్టాడు. సమాకలనం లెక్క ఒకటి వచ్చింది. వచ్చిన లెక్కే. కానీ జవాబు ఇచ్చిన నాలుగింటిలో దేనితోనూ కలవలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ కలవలేదు. మూడోసారి ఇంకో పద్ధతిలో చేశాడు. గడియారం చూసేసరికి 20 నిమిషాలు దాటిపోయాయి. ఆ కంగారు చివరివరకూ పోలేదు. రసాయన శాస్త్రంలో ఆఖరి 25 ప్రశ్నలను తెరిచి చూడకుండానే సమయం అయిపోయింది. "అబ్బాకు ఈ మాట ఎలా చెప్పాలి హజ్రత్?" అన్నాడు.

సోదరులారా, ఇది నసీబా? అల్లాహ్ విధివ్రాతపై విశ్వాసం మన ఈమాన్‌లో భాగం. అందులో సందేహం లేదు. కానీ తన చేతిలో ఉన్న పనిని వదిలిపెట్టి విధి మీద వేయమని ఇస్లాం ఎవరికీ చెప్పలేదు. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక వదిలేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టు, ఆ తర్వాత భారం వేయి అని దైవప్రవక్త (స) బోధించిన సంగతి తిర్మిజీలోని హదీసు ద్వారా మనందరికీ తెలుసు. మన పిల్లలకు భౌతిక శాస్త్రం నేర్పిస్తున్నాము, లెక్కలు నేర్పిస్తున్నాము. ఆ మూడు గంటలను ఎలా ఖర్చు చేయాలో మాత్రం నేర్పించడం లేదు. ఒంటెను మేపడం వరకే మన శ్రద్ధ. కట్టుతాడు సంగతి మరిచిపోయాము.

ముందు ఆ మూడు గంటల లెక్క చూద్దాము. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. గణితం 80, భౌతిక శాస్త్రం 40, రసాయన శాస్త్రం 40. అంటే ఒక్కో ప్రశ్నకు వచ్చేది 67 సెకన్లకు కొంచెం పైన. తప్పు జవాబుకు మార్కు తగ్గించరు. 2025లో జరిగిన నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ప్రశ్నకు సరిగ్గా ఒక్క నిమిషం. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకు 180 నిమిషాలు. అక్కడ ప్రశ్నకు రెండు నిమిషాల 24 సెకన్లు దొరుకుతాయి గానీ లెక్కలు కూడా ఆ స్థాయిలోనే ఉంటాయి. ఇప్పుడు ఆ అబ్బాయి పోగొట్టుకున్న 20 నిమిషాలను చూడండి. పదిహేడు ప్రశ్నలకు చాలిన సమయం అది. ఒక్క మార్కు కోసం పదిహేడు మార్కులను ఇచ్చేశాడు. బజారులో ఇలాంటి బేరం ఏ పిల్లవాడూ చేయడు.

మరి తెలివైన పిల్లవాడు ఎందుకు చేశాడు? మేము మదరసాలో చదివే రోజుల్లో మసీదు హౌజు దగ్గర ఒక పెద్దమనిషిని చూసేవాళ్ళం. అల్లాహ్ ఆయనను క్షమించుగాక, మంచి మనిషి. కానీ వుజూ విషయంలో వస్వసా ఉండేది. మోచేయి తడిసిందో లేదో అని మళ్ళీ కడిగేవారు. మడమ పొడిగా ఉందేమో అని మళ్ళీ నీళ్ళు పోసేవారు. ఇఖామత్ అయ్యేది, ఇమాము సూరె ఫాతిహా చదివేవారు, రుకూలోకి వెళ్ళేవారు, ఈయన ఇంకా ఎడమ కాలు దగ్గరే ఉండేవారు. వుజూ నమాజు కోసమే కదా! ఆ వుజూయే ఆయన జమాఅత్‌ను మింగేసేది. అందుకే షరీఅత్ వుజూ వంటి పుణ్యకార్యానికి కూడా హద్దు పెట్టింది. అవయవాన్ని మూడుసార్లు కడగడంతో సరి. అంతకు మించి పోయినవాడు హద్దు మీరినవాడని ప్రవక్త (స) హెచ్చరించారు.

పరీక్షలో ఒక్క ప్రశ్న దగ్గర చిక్కుకుపోయిన పిల్లవాడు ఆ హౌజు దగ్గరి మనిషి లాంటివాడే. వాడి మనసు ఏమంటుంది? ఇది నాకు వచ్చిన లెక్క, దీన్ని వదలడమేమిటి అంటుంది. అది అహం. ఇప్పటికే ఐదు నిమిషాలు పెట్టాను, ఇప్పుడు వదిలితే ఆ ఐదూ వృథా అంటుంది. అది మోసం. బస్టాండులో గంట నిలబడినవాడు, ఆటో ఎక్కితే ఆ గంట వృథా అవుతుందని ఇంకో గంట నిలబడతాడా? పోయిన నిమిషాలు ఎలాగూ పోయాయి. మిగిలిన నిమిషాలు ఎక్కడ పెట్టాలన్నదే ఇక ప్రశ్న. కనుక పిల్లలకు ఒక హద్దు చెప్పండి. ఈఏపీసెట్, నీట్ వంటి వాటిలో ఒక ప్రశ్న మీద రెండు నిమిషాలు గడిచాయంటే, జవాబు కళ్ళ ముందు కనిపిస్తున్నట్లు అనిపించినా సరే, వదిలి ముందుకు వెళ్ళాలి. "అనిపించినా సరే" అన్న మాటను మేము కావాలనే రాశాము. షైతాను వచ్చేది అక్కడే.

వదలడంలో అవమానం లేదు. ఇమామ్ మాలిక్ (రహ్మ) ఎంతటి విద్వాంసులో చెప్పనవసరం లేదు. మదీనా నగరంలో ఆయన ఉండగా ఫత్వా ఇవ్వడానికి ఇతరులు వెనుకాడేవారు. ఆయనను ఒక సందర్భంలో 48 విషయాలు అడిగితే, వాటిలో 32 విషయాలకు 'లా అద్రీ', అంటే నాకు తెలియదు, అని చెప్పారని ఆయన శిష్యుల ద్వారా మనకు చేరింది. ఆ మాట వల్ల ఆయన స్థానం తగ్గిందా? పన్నెండు వందల ఏళ్ళు దాటినా మనం ఆయన పేరును గౌరవంగా చెప్పుకుంటున్నాము. మన పిల్లలు మాత్రం ఒక్క ప్రశ్నకు 'లా అద్రీ' అనలేక మొత్తం పేపరును పోగొట్టుకుంటున్నారు.

ఇతరులకు చెబుతున్నాం గానీ ఈ తప్పు మేమూ చేశాము. మదరసాలో పరీక్ష అంటే నాలుగైదు ప్రశ్నలు. ఒక్కోదానికి అరగంట రాసుకోవచ్చు. ఒక మస్అలా వస్తే ఇమాముల అభిప్రాయాలు, వారి ప్రమాణాలు, చివరకు ఏది బలమైనదో తీరికగా రాయడం మాకు అలవాటు. ఆలిమ్ కోర్సు పూర్తిచేసి ఒక విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షకు కూర్చున్నాము. 100 ప్రశ్నలు, ప్రతిదానికీ నాలుగు జవాబులు. మొదటి ప్రశ్నకే ఏది సరైన జవాబు అన్న విషయంపై మా మనసులోనే నాలుగు మజ్‌హబ్‌లు తయారయ్యాయి! గంట కొట్టేసరికి 34 ప్రశ్నలు ఖాళీగా మిగిలాయి. అందులో చాలావరకు తెలిసినవే. పక్కన కూర్చున్న కుర్రవాడికి మాకంటే అరబీ తక్కువ వచ్చు, ఉర్దూ తక్కువ వచ్చు. కానీ పేపరు మొత్తం చూసి లేచాడు. మేము ఆ సంవత్సరం ఇంట్లోనే ఉన్నాము.

ఇప్పుడు పద్ధతి సంగతి. పేపరును ఒకటో ప్రశ్న నుండి చివరిదాకా వరుసగా పరిష్కరించాలని ఎవరూ చెప్పలేదు. మొదటి చుట్టులో పేపరంతా తిరగాలి. చూడగానే దారి తెలిసిన ప్రశ్నలు మాత్రమే చేయాలి. దారి తెలుసు గానీ సమయం పడుతుంది అనిపించిన వాటిని గుర్తుపెట్టుకొని ముందుకు సాగాలి. కంప్యూటరు పరీక్షలో దీనికోసమే 'మార్క్ ఫర్ రివ్యూ' అనే మీట ఉంటుంది. రెండో చుట్టు ఆ గుర్తుపెట్టిన వాటి కోసం. ఆఖరి పది, పదిహేను నిమిషాలు మిగిలినవాటికి. ఇలా చేయడంలో ఇంకో లాభం కూడా ఉంది. మొదటి చుట్టులో వదిలిన లెక్క, గంట తర్వాత తిరిగి వచ్చి చూస్తే ఒక్కోసారి అర నిమిషంలో తేలిపోతుంది. సూరాను కంఠస్థం చేసే పిల్లలకు ఇది అనుభవమే. రాత్రి ఎంత తిప్పినా రాని ఆయతు ఫజర్ తర్వాత నాలుక మీదకు వచ్చేస్తుంది.

ఏ విషయంతో మొదలుపెట్టాలి? ఎక్కువ ఇష్టమైన దానితో కాదు, త్వరగా అయ్యేదానితో. ఈఏపీసెట్‌లో రసాయన శాస్త్రం ప్రశ్నలు చాలా వరకు జ్ఞాపకం మీద ఆధారపడేవి. 40 ప్రశ్నలను అరగంటలో ముగించగలిగితే, భౌతిక శాస్త్రానికి 45 నిమిషాలు, గణితానికి గంటన్నర దాటి మిగులుతుంది. ఇంకా పది నిమిషాలు చేతిలో ఉంటాయి. నీట్ రాసే పిల్లలు జీవశాస్త్రం 90 ప్రశ్నలను 45, 50 నిమిషాల్లో చేసుకుంటే భౌతిక శాస్త్రం లెక్కలకు ఊపిరి దొరుకుతుంది. 2025 నీట్‌లో భౌతిక శాస్త్రం చాలా కష్టంగా, పొడవుగా వచ్చిందని పిల్లలు బయటకు వచ్చి బాధపడ్డారు. అలాంటి రోజున ముందుగా భౌతిక శాస్త్రంలో దిగినవాడి గతి ఏమవుతుందో ఊహించండి. అయితే ఈ కొలతలు అందరికీ ఒకటి కావు. ఎవరి కొలత వారు ఇంటి దగ్గర మాక్ టెస్టుల్లోనే తేల్చుకోవాలి. పరీక్ష రోజున కొత్త పద్ధతి మొదలుపెట్టడం తెలివితక్కువతనం.

ఓఎంఆర్ షీటు సంగతి కూడా చెప్పాలి. పెన్నుతో ఒకసారి నింపిన గుండ్రాన్ని మార్చుకోలేము. కొందరు పిల్లలు జవాబులన్నీ ప్రశ్నపత్రం మీద గుర్తుపెట్టుకొని, గుండ్రాలు ఆఖర్లో నింపుదాము అనుకుంటారు. ఆఖర్లో చేతులు వణుకుతాయి. వరుస తప్పుతుంది. ఒక గడి పక్కకు జరిగిందంటే కష్టమంతా పోయినట్లే. ఒక్కో పేజీ పూర్తి కాగానే ఆ పేజీ జవాబులను నింపుకోవడం మేలు.

మా ఆదివారం తరగతికి వచ్చే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇక్కడ చెప్పాలి. "హజ్రత్, తెలియని ప్రశ్నకు ఏదో ఒకటి గుర్తు పెట్టడం జూదం కాదా? తెలియని దాని వెంట పడవద్దని సూరె బనీ ఇస్రాయీల్‌లో ఉంది కదా?" అంది. మాకు చాలా సంతోషం కలిగింది. పరీక్షలో కూడా హలాల్, హరామ్ ఆలోచించే బిడ్డ ఆమె. మా అవగాహన ప్రకారం ఇది జూదం కాదు. జూదంలో సొమ్ము పణంగా పెడతారు. ఒకడి నష్టం మీద ఇంకొకడు లాభపడతాడు. ఇక్కడ ఆ సంగతి లేదు. అబద్ధపు సాక్ష్యం కూడా కాదు. ఇచ్చిన నాలుగింటిలో ఒకటి ఎంచుకోమని పరీక్ష పెట్టినవారే అడుగుతున్నారు. వారు తప్పుకు కోత పెట్టలేదు. కనుక ఈఏపీసెట్‌లో ఒక్క ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ఆఖరి నిమిషాల్లో మిగిలినవన్నీ నింపేయాలి. ఆ ఆయతు ఒకరి మీద తెలియకుండా అపవాదు వేయడం, తెలియని మాటను ధర్మం పేరిట చెప్పడం వంటి వాటిని నిషేధిస్తోంది. నీట్‌లో కోత ఉంది కాబట్టి అక్కడ వేరే నీతి. నాలుగింటిలో రెండు తప్పని నిశ్చయంగా తెలిస్తే మిగిలిన రెండింటిలో ఒకటి గుర్తు పెట్టవచ్చు. ఏదీ తెలియకపోతే ఇమామ్ మాలిక్ (రహ్మ) మాట అని ముందుకు సాగడమే మంచిది. పక్కవాడి పేపరు చూసి రాయడం మాత్రం ఎక్కడైనా మోసమే. మోసగించేవాడు మనవాడు కాడన్న ప్రవక్త (స) హెచ్చరిక పరీక్ష హాలుకు కూడా వర్తిస్తుంది.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి వెనకబడతాము. గంటన్నర గడిచింది, 50 ప్రశ్నలే అయ్యాయి. అప్పుడేం చేయాలి? జమాఅత్‌కు ఆలస్యంగా వచ్చినవాడికి ప్రవక్త (స) ఏం నేర్పించారో గుర్తు చేసుకోండి. ఇఖామత్ విని పరుగెత్తుకుంటూ రావద్దన్నారు. నెమ్మదిగా, గంభీరంగా రమ్మన్నారు. దొరికినంత ఇమాముతో చేసి, తప్పినది తర్వాత పూర్తి చేసుకోమన్నారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ఎంత గొప్ప ఉపదేశం! పరుగెత్తి వచ్చినవాడు సఫ్‌లో చేరినా ఊపిరి అందక ఏం చదువుతున్నాడో తెలియదు. వెనకబడిన పిల్లవాడు కూడా అంతే. కంగారుగా చదివితే ప్రశ్నలో 'కానిది ఏది' అని ఉన్నా 'ఏది' అని చదువుతాడు. అలాంటప్పుడు పెన్ను కింద పెట్టాలి. కళ్ళు మూసుకొని ఒకసారి దరూద్ చదువుకోవాలి. హృదయాన్ని విశాలం చేయమని, పనిని సులభం చేయమని మూసా (అలైహిస్సలాం) తన ప్రభువును వేడుకున్నారు. సూరె తాహాలోని ఆ దుఆ మన పిల్లల్లో చాలామందికి కంఠస్థమే. పావు నిమిషం పడుతుంది. ఆ తర్వాత దొరికినంత దొరకబుచ్చుకోవాలి.

ఇంకో రకం పిల్లలు ఉన్నారు. సమయానికి ముగిస్తారు గానీ ఆఖరి పది నిమిషాల్లో రాసినవాటిని మారుస్తూ పోతారు. నమాజులో మూడు రకఅతులు అయ్యాయా, నాలుగా అన్న సందేహం వస్తే ఏం చేయాలి? సందేహాన్ని పక్కనపెట్టి, నిశ్చయంగా తెలిసినదాని మీద కట్టుకొని, చివర్లో సజ్దా సహూ చేయమని హదీసు. నమాజును మొదటి నుండి పదేపదే మొదలుపెట్టమని కాదు. జవాబు మార్చడానికి ఒక కారణం కనిపిస్తే, అంటే లెక్కలో తప్పు దొరికితే, ప్రశ్నను తప్పుగా చదివామని తెలిస్తే, తప్పకుండా మార్చాలి. ఎందుకో భయంగా ఉందని మాత్రం మార్చకూడదు.

వీటన్నిటికంటే కష్టమైన సంగతి ఒకటి ఉంది. వదిలిన ప్రశ్న చేతిని వదిలినా మనసును వదలదు. 30వ ప్రశ్న వదిలి 31కి వచ్చిన పిల్లవాడు 30నే తలుచుకుంటూ ఉంటాడు. 'అలా చేసి ఉంటే' అన్న మాట షైతానుకు తలుపు తెరుస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మేలు చేసేదానిపై ఆశ పెట్టుకో, అల్లాహ్ సహాయం అడుగు, నిస్సహాయుడిలా కూర్చోవద్దు, ఏదైనా జరిగిపోతే అది అల్లాహ్ నిర్ణయమని ముందుకు సాగు అన్నది ఆ హదీసు భావం. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా ఉల్లేఖించబడింది. తఖ్దీర్ మాట వాడవలసిన చోటు ఇదీ! ఆ తండ్రి తఖ్దీర్‌ను ప్రయత్నానికి బదులుగా వాడుకున్నాడు. హదీసు దాన్ని ప్రయత్నం జరిగిపోయిన తర్వాత, మనసు తేలికపడి తర్వాతి పని మీద నిలవడానికి ఇచ్చింది. ఒకే మాట, ఒక చోట సోమరితనం, మరో చోట బలం.

ఇక నమాజు. సమయం గురించి ఇంత చెప్పి నమాజు సమయాల గురించి చెప్పకపోతే మేము అల్లాహ్ దగ్గర జవాబు చెప్పుకోలేము. విశ్వాసులపై నమాజు నిర్ణీత సమయాల్లో విధించబడిందని దివ్యఖుర్ఆన్ సూరె నిసాలో స్పష్టం చేసింది. పరీక్ష రోజున నమాజు ఖజా అయితే ఏమవుతుందిలే అనుకునే ఇళ్ళు ఉన్నాయి. దుఆ కోసం మా దగ్గరకు వచ్చేదీ ఆ ఇళ్ళవారే! ఏ ప్రభువును అడుగుతున్నామో ఆయన పిలుపునే ఆ రోజు పక్కన పెడితే ఎలా?

కొంచెం ముందుచూపు ఉంటే చాలావరకు ఇబ్బంది రాదు. 2025లో నీట్ మధ్యాహ్నం 2 నుండి 5 వరకు జరిగింది. 1.30కి గేటు మూశారు. మే నెల మొదట్లో హైదరాబాదులో 12.20కల్లా జుహర్ సమయం ప్రవేశిస్తుంది. కేంద్రానికి దగ్గర్లోని మసీదును ముందురోజే చూసిపెట్టుకొని, అక్కడ జుహర్ చేసుకొని గేటు దగ్గరకు వెళ్ళాలి. అమ్మాయిలకు మసీదులో వీలు లేకపోతే తెలిసినవారి ఇల్లు చూడాలి. అసర్ వరకు చూద్దాంలే అంటే కుదరదు. 5 గంటలకు బయటకు వచ్చేసరికి జుహర్ సమయం వెళ్ళిపోయి ఉంటుంది.

మధ్యాహ్నం 3 నుండి 6 వరకు జరిగే విడతలో అసర్ చిక్కు వస్తుంది. ఈఏపీసెట్ జరిగే మే నెలలో ఆరు తర్వాత కూడా వెలుగు ఉంటుంది కాబట్టి బయటకు రాగానే అసర్ చేసుకోవచ్చు. జేఈఈ మెయిన్ జనవరిలో కూడా జరుగుతుంది. జనవరి ఆఖరులో హైదరాబాదులో సూర్యుడు ఆరు దాటిన కొద్ది నిమిషాలకే అస్తమిస్తాడు. అప్పుడు ఒక్కో నిమిషం విలువైనదే. సూర్యాస్తమయానికి ముందు అసర్‌లో ఒక్క రకఅతు దొరికినా అసర్ దొరికినట్లేనని బుఖారీ, ముస్లిం హదీసు. అంతవరకు ఆలస్యం చేయడం మామూలుగా మంచిది కాదు. కానీ ఇక్కడ చేతిలో లేని పని. పిల్లవాడు వుజూతోనే లోపలికి వెళ్ళాలి. తండ్రి గేటు దగ్గర జానమాజ్ పట్టుకొని సిద్ధంగా ఉండాలి. బయటకు రాగానే "పేపరు ఎలా వచ్చింది?" అనకుండా జానమాజ్ పరిచి ఖిబ్లా చూపించాలి. విశాఖపట్నం వైపు ఆ రోజుల్లో ఆరుకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. అక్కడి పిల్లల విషయం వేరు. మదీనాలో భయం గానీ వర్షం గానీ లేకుండానే ప్రవక్త (స) జుహర్, అసర్ కలిపి చేశారని ఇబ్ను అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. దాని అన్వయంలో పండితుల మధ్య భేదం ఉంది. మన హనఫీ పండితులు ఇలా కలపడాన్ని అనుమతించరు. కనుక మేము ఇక్కడ ఒక్క వాక్యంలో ఫత్వా రాయము. అడ్మిట్ కార్డు రాగానే, విడత ఏదో తెలియగానే, మీ ఊరి ముఫ్తీ సాహెబును అడగండి. పరీక్ష ముందురోజు రాత్రి కాదు.

పరీక్షకు నెల ముందు నుండే ఇంట్లో ఒక ఏర్పాటు చేయండి. వారానికి ఒక్కరోజైనా, అసలు పరీక్ష ఏ వేళకు ఉంటుందో ఆ వేళకే, మూడు గంటలు లేవకుండా మాక్ టెస్టు రాయించండి. ఫోను ఇంకో గదిలో ఉండాలి. అతిథులు వచ్చినా పిలవవద్దు. రాత్రి రెండింటిదాకా చదివి ఫజర్ పోగొట్టుకునే అలవాటును మాన్పించండి. తన ఉమ్మత్‌కు ప్రొద్దుటి వేళలో బర్కత్ ఇవ్వమని ప్రవక్త (స) దుఆ చేశారు. ఉదయం 9 గంటల పరీక్షకు మెదడు మేల్కొని ఉండాలంటే ఫజర్‌కు లేవడమే మందు.

తల్లిదండ్రులారా! ఒక మాట కఠినంగానే చెబుతాము. ఫలితాలు వచ్చిన రోజుల్లో పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నిసార్లు చదివాము! మిమ్మల్ని మీరు చంపుకోవద్దని ఆజ్ఞాపించి, తాను మీ పట్ల కరుణామయుడనని అల్లాహ్ వెంటనే తెలియజేశాడు. ఆ కరుణను బిడ్డకు ముందుగా చూపించవలసింది ఇంట్లో మనమే. గాజులు తాకట్టు పెట్టిన సంగతి బిడ్డకు రోజూ గుర్తుచేస్తే, వాడు ప్రతి ప్రశ్ననూ ఆ గాజులతో తూచుకుంటాడు. ఒక్క ప్రశ్ననూ వదలలేడు. ఆ అబ్బాయి సమాకలనం లెక్క దగ్గర ఇరవై నిమిషాలు ఎందుకు ఆగిపోయాడని మేము ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాము. అందులో సగం భారం లెక్కది, మిగతా సగం ఇంటిది.

ఆ రోజు తండ్రిని లోపలికి పిలిచి, "భాయ్ సాబ్, మీ అబ్బాయికి చదువు వచ్చు. సమయం పంచుకోవడం రాలేదు. అది నేర్చుకోవచ్చు" అని చెప్పాము. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. ఈ సంవత్సరం ఆ అబ్బాయి మళ్ళీ రాస్తున్నాడు. ఆదివారాలు మా మసీదు పై గదిలో కూర్చొని మాక్ టెస్టు చేసుకుంటాడు. మొన్న మొదటి చుట్టులో 40 ప్రశ్నలు వదిలి పేపరు చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చి వాటిలో 22 చేశాడు. "వచ్చిన లెక్కను కూడా ఒకటి వదిలేశాను హజ్రత్" అని నవ్వుతూ చెప్పాడు. తండ్రి మాత్రం ఈసారి హాల్ టికెట్టు మీద ఊదమని అడగలేదు. విడత మధ్యాహ్నం పడితే కేంద్రానికి దగ్గర్లో మసీదు ఎక్కడుందో కనుక్కొని పెట్టమన్నాడు. కనుక్కుంటున్నాము. అల్లాహ్ ఆ బిడ్డకూ, ఈ వేసవిలో పరీక్ష హాలుకు వెళ్ళే మన బిడ్డలందరికీ సులభం చేయుగాక! ఆమీన్.